అడవి అంచు కాగితాలు – 9: రద్దు కబురు ఎవరు మోశారు?



పోయిన నెల కొత్తగూడెంలో డిగ్రీ పిల్లలతో కూర్చున్నప్పుడు ఒక చెల్లె అడిగింది. "అన్నా, నా ఫోను ఎవరన్నా గుంజుకుపోయిన్రు అనుకో. దాంట్ల నుంచి నా పేరు మీద మనోళ్లందరికీ మెసేజ్ పెడితే? అది నేను కాదని ఎవరికి చెప్పాలె, ఎట్ల చెప్పాలె?" పక్కనున్న తమ్ముడు "పాస్‌వర్డ్ మార్చుకుంటే సరిపాయె" అన్నడు. సరిపోదు. ఎందుకు సరిపోదో ఆ రోజు పది నిమిషాల్లో చెప్పలేకపోయాను. అందుకే ఈ భాగం. పోడు భూముల సర్వే సంగతి వచ్చే వారానికి జరిపాను, ఎదురుచూస్తున్నవాళ్లు మన్నించాలి.

ముందు సంగతి అర్థం చేసుకుందాం. గుప్త సందేశాల యాప్‌లలో మన ప్రతి ఒక్కరికీ రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి మన ఫోనులోనే దాగి ఉంటుంది, దాన్ని ఎవరికీ ఇవ్వం. రెండోది లోకానికంతా ఇస్తాం. మొదటిదానితో మన మాట మీద ముద్ర వేస్తాం, ఆ ముద్ర మనదేనా అని ఎదుటివాళ్లు రెండోదానితో చూసుకుంటారు. తాళంచెవిని తయారు చేయడానికి ఒక్క క్షణం చాలు. చిక్కంతా చంపడంలోనే ఉంది. మన రెండో తాళంచెవి అప్పటికే వందమంది చేతుల్లో ఉంది. "ఇక ఈ ముద్రను నమ్మొద్దు" అనే కబురు ఆ వందమందికీ చేరాలి. చేరినా, ఆ కబురు పంపింది నిజంగా మనమేనని వాళ్లకు నమ్మకం కుదరాలి. నడుమ ఒక సర్వరు, ఒక ఆఫీసు ఉంటే ఆ పని అది చేస్తుంది. ఒకరి నుంచి ఒకరికి నేరుగా అల్లుకున్న నెట్‌వర్క్‌లో, అంటే పీర్ టు పీర్‌లో, ఆ పని చేసే నాథుడు లేడు. కబురు నోటినోటా పాకాలి. కంప్యూటర్ శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్లకు పైగా తల బద్దలు కొట్టుకుంటున్నది దీని దగ్గరే.

మన వాడలకు మాత్రం ఇది కొత్త ప్రశ్న కాదు. ఈ నేల మీద రద్దు కబుర్లను కాళ్లతో మోసిందీ, డప్పుతో చాటిందీ మనవాళ్లే.

నిజాం కాలంలో పాల్వంచ, ఇల్లందు, మధిర దిక్కున వెట్టి ఎట్లా నడిచిందో మూడో భాగంలో రాశాను. అందులో ఒక పనిని మాత్రం తేలిగ్గా దాటేశాను. ఊరి కాగితాలను తాలూకా కచేరీకి, ఠాణాకు, పక్క ఊరి పట్వారీకి చేరవేసే పని అది. మాల, మాదిగ ఇళ్లలో వంతులు పెట్టి మనిషిని పంపేవాళ్లు. కూలి లేదు, బత్తెం లేదు. ఆ కాగితంలో ఏముందో మోసేవాడికి తెలియదు, ఎందుకంటే చదువు ముట్టనియ్యలేదు. తన కాళ్ల కింది చెలక పోయిందన్న హుకుం ఉన్న కాగితాన్ని తానే మూడు కోసులు మోసుకొచ్చి ఉండొచ్చు. నేటి ఇంజనీర్లు దీన్ని గొప్ప భద్రతగా చెబుతారు: దారిలో ఉన్నవాడు సందేశాన్ని మోయాలి గానీ చదవలేకపోవాలి. వాళ్లు లెక్కలతో సాధించిన దాన్ని మన దొరలు నిరక్షరాస్యతతో సాధించారు.

ఇక దండోరా. ఏదైనా మారిందని ఊరికి తెలియాలంటే మాదిగ డప్పు మోగాలి. అది ఊరి ఆచారం మాత్రమే అనుకోకండి, చట్టం కూడా అదే. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్, 54వ రూలు తీసి చూడండి. ఆస్తి జప్తు అయితే ఆ హుకుంను ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టిగానీ, మరో ఆనవాయితీ పద్ధతిలో గానీ చాటాలని ఉంది. అంటే ఒకరి హక్కు రద్దయిందన్న కబురును లోకానికి చాటే యంత్రంగా రాజ్యం మన డప్పునే వాడుకుంది. డప్పు మోగినంత మేర ఆ రద్దు అమల్లోకి వస్తుంది, డప్పు వినపడని గూడెంలో పాత కాగితమే ఇంకా చెల్లుతుంది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ మొదలుపెట్టిన ఉద్యమానికి దండోరా అని పేరు పెట్టుకున్నప్పుడు, మన చేతిలోని డప్పు మొదటిసారి దొర హుకుం కాకుండా మన మాట చాటింది. ఆ పేరు ఎంత ఆలోచించి పెట్టిందో చాలామంది గమనించరు.

గోదావరి అంచున ఉన్న మనకు ఇంకో తిప్పలు కూడా ఉంది. ముద్రలే మారిపోతూ వచ్చాయి. 1860 దాకా భద్రాచలం వైపు కూడా నిజాం ముద్రే. ఆ ఏడు నది ఎడమ ఒడ్డు ఇంగ్లీషువాళ్లకు పోయింది, ఆ తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. నది ఇవతల పాల్వంచలో ఒక ముద్ర, అవతల భద్రాచలంలో ఇంకో ముద్ర, నడుమ ఒక పడవ. కోయగూడెంలో ఉన్న మనిషి కదలలేదు. ఆయన చేతి కాగితం మీద ముద్ర వేసిన రాజ్యమే కదిలిపోయింది.

ఈ అడవిలోనే నడుమ ఆఫీసు లేని నెట్‌వర్క్ ఒకటి నడిచింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత తెలంగాణ సాయుధ పోరాట దళాలు మైదానం వదిలి గోదావరి అడవుల్లోకి వచ్చాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా వాళ్ల ప్రాణాలు కొరియర్ల మీద ఆధారపడ్డాయి. ఒక కొరియర్‌కు తన ముందువాడూ తన తర్వాతివాడూ మాత్రమే తెలుస్తారు. అందరి పేర్లూ తెలిసిన మనిషి ఉండకూడదు. ఇంత వరకు మంచి పద్ధతే. కానీ ఒక కొరియర్ దొరికాడనుకోండి. ఆయనకు తెలిసిన డెన్లు, గుర్తులు, దారులు ఆ క్షణం నుంచీ శత్రువువే. వాటిని వాడొద్దని మిగతావాళ్లకు చెప్పాలి. చెప్పాల్సిన దారి ఏది? దొరికిపోయిన ఆ కొరియర్ నడిచిన దారే. దారే తెగినప్పుడు, దారి తెగిందన్న కబురు ఏ దారిన పోతుంది? సైన్యానికి ఈ మర్మం బాగా తెలుసు. అందుకే కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్క శిబిరాల్లోకి తోలారు. గూడెం లేకపోతే కబురు ఆగే చోటు లేదు, మలుపు తిరిగే చోటు లేదు. ఈ అధ్యాయంలో నాయకుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. కాగితం మోసిన మాల, మాదిగ, కోయ కుర్రాళ్ల పేర్లు చాలావరకు లేవు.

ఇప్పుడు అమెరికా పోదాం. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే ప్రోగ్రామర్ పీజీపీ అనే సాఫ్ట్‌వేర్ రాసి జనంలోకి వదిలాడు. అణ్వస్త్ర వ్యతిరేక ఉద్యమంలో తిరిగిన మనిషి. ప్రభుత్వం చదవలేని ఉత్తరం మామూలు మనిషి రాసుకోగలగాలన్నది ఆయన పట్టుదల. దానికి ఫలితంగా, ఆయుధాలు ఎగుమతి చేసినట్టే లెక్కగట్టి 1993 నుంచి 1996 దాకా ఆయన మీద విచారణ నడిపారు. చివరికి కేసు పెట్టకుండానే వదిలేశారు.

ఫలానా తాళంచెవి ఫలానా మనిషిదేనని ఎవరు చెప్పాలి? దీనికి పీజీపీ ఇచ్చిన జవాబు మన ఊరి పంచాయితీ లాంటిది. నన్ను ఎరిగినవాళ్లు నా తాళంచెవి మీద సాక్షి సంతకం పెడతారు. వాళ్లను ఎరిగినవాళ్లు వాళ్లను బట్టి నన్ను నమ్ముతారు. దాని వారసుడైన జీఎన్‌యూపీజీలో మామూలు లెక్క ఇది: పూర్తిగా నమ్మే మనిషి ఒక్కడు సంతకం పెట్టినా చాలు, లేదంటే కొంచెం కొంచెం నమ్మే మనుషులు ముగ్గురు పెట్టాలి. తహసీల్దారు లేడు, ముద్ర లేదు, మనుషులే సాక్షులు.

మరి రద్దు? ఇక్కడే పీజీపీ చేసిన ఏర్పాటు మన పిల్లలు గట్టిగా పట్టుకోవాల్సింది. ఒక తాళంచెవిని దాని సొంతదారు తప్ప ఎవరూ చంపలేరు. ఇతరులు "నేను వెనకటికి పెట్టిన సాక్షి సంతకం వెనక్కి తీసుకుంటున్నా" అనగలరు, అంతే. మనిషిని మాత్రం తుడిచేయలేరు. తాళంచెవి తయారు చేసిన రోజే రద్దు కాగితం కూడా ముందుగా తయారు చేసి, వేరే చోట దాచుకోమంటారు. ఆ కాగితం దొరికినవాడు నీ తాళంచెవిని చంపగలడు గానీ నీ పేరున మాట్లాడలేడు. కాబట్టి దాన్ని నమ్మకమైన మనిషి దగ్గర పెట్టొచ్చు. నువ్వు జైల్లో ఉన్నా, చచ్చిపోయినా ఆ మనిషి దాన్ని లోకానికి వదులుతాడు. లేదా ఫలానా మనిషికి నా తాళంచెవిని రద్దు చేసే అధికారం ఉందని ముందే రాసి పెట్టుకోవచ్చు. రద్దులో రకాలు కూడా ఉన్నాయి. "కొత్తది తీసుకున్నాను", "ఇక వాడటం లేదు" అంటే పాత ముద్రలు అప్పటి మాటలకు చెల్లుతాయి. "శత్రువు చేతిలో పడింది" అంటే వెనకటి ముద్రలను కూడా అనుమానించాల్సిందే, ఎందుకంటే దొంగ చేతిలో ఉన్న ముద్రతో పాత తారీఖు వేయడం కష్టం కాదు. కొరియర్ పని మానేయడం వేరు, దొరికిపోవడం వేరు అన్న తేడాయే ఇది.

కబురు పాకడానికి ప్రపంచమంతా కీ సర్వర్లు పెట్టారు. ఒకదానిలో పడింది మిగతా అన్నింటికీ దానంతటదే పాకుతుంది. ఏ ప్రభుత్వమో బెదిరించి ఎవరి తాళంచెవినైనా తీసేయించకుండా ఒక నియమం పెట్టారు. కలపడమే తప్ప తీసేయడం లేదు. రాజ్యానికి భయపడి కట్టిన గోడ అది. 2019 జూన్‌లో ఎవరో ఆ గోడనే వాడుకున్నారు. రాబర్ట్ హాన్సెన్, డేనియల్ కాన్ గిల్మోర్ అనే ఇద్దరు పీజీపీ పనివాళ్ల తాళంచెవుల మీద వేలకు వేల దొంగ సాక్షి సంతకాలు కుమ్మరించారు. ఆ తాళంచెవిని దించుకున్న కంప్యూటర్లు ఆ బరువుకు నడవలేక కూలబడ్డాయి. తీసేద్దామంటే తీసేసే పద్ధతే లేదు. రద్దు కబుర్లు నడిచే దారే విషమైపోయింది. చాలామంది ఆ సర్వర్ల నుంచి తాళంచెవులు దించుకోవడం మానేశారు. మానేసినవాళ్లకు నిజమైన రద్దు కబుర్లు కూడా అందకుండా పోయాయి.

అయితే కేంద్రంలో ఒక పెద్ద ముద్ర ఉండటమే నయమా? 2014 జులైకి రండి.

ఆ నెలను మనం మరచిపోలేం. మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, భద్రాచలం పట్టణం తప్ప మిగతా భద్రాచలం మండలం, 12 గ్రామాలు తప్ప మిగతా బూర్గంపాడు మండలం. జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ దాన్ని చట్టం చేశాయి. ఎటపాక నుంచి భద్రాచలం గుడి కనపడుతుంది, ఆఫీసు మాత్రం వేరే రాష్ట్రం. షెడ్యూల్డ్ కులాల, తెగల జాబితాలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. అంటే కులమూ, తెగా ఏమిటో చెప్పే కాగితం మీది ముద్ర మారిందంటే అది ఉత్త రబ్బరు స్టాంపు సంగతి కాదు. ఎనిమిదేళ్లకు, 2022లో, ఆ మండలాల్లో కొన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాకు, కొన్ని ఏలూరు జిల్లాకు పోయాయి. మళ్లీ కొత్త ముద్రలు.

సరిగ్గా అదే నెల, ఢిల్లీలో ఇంకో ముద్ర చెడింది. జులై 2న గూగుల్ ఇంజనీర్లు ఒక సంగతి పట్టుకున్నారు. గూగుల్ పేరున్న దొంగ సర్టిఫికెట్లు కొన్ని తిరుగుతున్నాయి. వాటి మీద ముద్ర ఎవరిది? మన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ అంటే ప్రభుత్వ వెబ్‌సైట్లు నడిపే సంస్థ. దానికి పైముద్ర సీసీఏ అనే కంట్రోలర్ ఆఫీసుది, దాన్ని మైక్రోసాఫ్ట్ విండోస్ నమ్ముతుంది. కాబట్టి ఆ దొంగ సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాడు దారిలో కూర్చుని "నేనే గూగుల్" అంటే విండోస్ కంప్యూటరు తలూపుతుంది. మరుసటి రోజే సీసీఏ ఎన్‌ఐసీ సర్టిఫికెట్లను రద్దు చేసింది. ఎన్‌ఐసీ జారీ పద్ధతిలోకి ఎవరో చొరబడ్డారని, తప్పుగా జారీ అయినవి నాలుగేనని చెప్పింది. ఆ నాలుగిట్లో లేనివి కూడా మేం చూశామని గూగుల్ బయటపెట్టింది. ఆ తర్వాత క్రోమ్ బ్రౌజరు భారత ప్రభుత్వ ముద్రను కొద్దిపాటి పేర్లకే కుదించింది: జీవోవీ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ లాంటి ఏడు చిరునామాలకు. వాటి బయట ఆ ముద్ర చెల్లదు. దేశ సార్వభౌమాధికారం అని రోజూ అరిచే గొంతులు ఆ రోజు ఎందుకో పెద్దగా వినపడలేదు.

చూడండి, గూగుల్‌కు నష్టం జరగబోతే రద్దు కబురు వెంటనే క్రోమ్ బ్రౌజర్లకు చేరింది. డప్పు కొట్టేవాడు అవసరం లేకపోయింది. వేలేరుపాడు అడవిలోని మనిషికి తన మండలం ఏ రాష్ట్రంలో ఉందో చెప్పే కబురుకు అంత తొందర ఎవరికుంది?

ఇంకో తేడా ఉంది, నాకు నిద్రపట్టనివ్వనిది. బ్రౌజర్లు ఏళ్ల తరబడి చేసిన పని ఇది: సర్టిఫికెట్ రద్దయిందో లేదో కనుక్కుందామని అడుగుతాయి, జవాబు రాకపోతే "బాగానే ఉంది" అనుకుని లోపలికి వదిలేస్తాయి. నెట్‌వర్క్ బాగా లేనంత మాత్రాన వాడేవాడికి ఇబ్బంది కలగకూడదని. మరి రేషన్ షాపు మిషన్ దగ్గర? వేలిముద్ర పెట్టావు, సిగ్నల్ రాలేదు, అవతలి నుంచి జవాబు లేదు. అక్కడ లెక్క తిరగబడుతుంది. జవాబు లేదంటే నువ్వు నువ్వు కాదు, బియ్యం లేవు, రేపు రా. సందేహం వచ్చినప్పుడు ఎవరివైపు మొగ్గాలి అనేది లెక్కల శాస్త్రం తేల్చేది కాదు. ఎవరో ఒక గదిలో కూర్చుని తేల్చారు. ఆ గదిలో మనం లేం.

కేంద్రం వద్దు, మనుషుల సాక్ష్యమే మేలు, ఊరే మేలు అనే మిత్రులున్నారు. వాళ్లకు నేను గుర్తుచేసేది వెలి. ఒకరినొకరు ఎరిగిన మనుషులంతా కలిసి, ఏ ఆఫీసూ లేకుండా, ఒక వాడ మొత్తాన్ని రద్దు చేయడమే వెలి. పనికి పిలవరు, దుకాణంలో సరుకు ఇవ్వరు, బాట మీద నడవనియ్యరు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను నరికి కాలువలో పడేయడానికి ముందు జరిగింది ఇదే, సాంఘిక బహిష్కరణ. ఆ నెట్‌వర్క్‌లో రద్దు కబురు ఎంత వేగంగా పాకిందో ఏ కీ సర్వరూ పాకించలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఊరును అంత కఠినంగా ఎందుకు తూలనాడాడో ఇక్కడ అర్థమవుతుంది. నడుమ అధికారి లేడు కాబట్టి అది స్వేచ్ఛ అనుకోవడం, వాడలో పుట్టనివాళ్లకు మాత్రమే కుదిరే భ్రమ. అందుకే పీజీపీలోని ఆ చిన్న నియమం నాకు ఇష్టం. ఇతరులు సాక్ష్యం వెనక్కి తీసుకోగలరు గానీ మనిషిని తుడిచేయలేరు.

అదే నియమం కొంతవరకు అడవి హక్కుల చట్టంలో కనపడుతుంది. 2006 చట్టం, 2008 రూల్స్. 13వ రూలులో ఆధారాల జాబితాలో హక్కుదారు కాని పెద్దల మాటను రాసి పెట్టుకున్న వాంగ్మూలం కూడా ఉంది. ఒకటికి మించి ఆధారాలు ఉండాలి, వాటిలో ముసలవ్వ మాట ఒకటి కావచ్చు. ఇది మనుషుల సాక్షి సంతకమే. కానీ ఈ అడవి అంచున బతికే దళితులం మనం ఆదివాసులం కాదు, చట్టం లెక్కలో "ఇతర సంప్రదాయ అటవీ నివాసులం". 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఇక్కడే ఉన్నామని చూపాలి. ఎవరి కాగితాలు మోశామో వాళ్లు మనకు కాగితం రాసివ్వలేదు. కాబట్టి మనకు మిగిలింది సాక్షులే, ఆ సాక్షులు ఎక్కువగా పక్క గూడెం కోయ పెద్దలే. వాళ్ల భూమి మీద మైదానపు గిరిజనేతరుల కన్ను పడకుండా 1959, 1970 రెగ్యులేషన్లు కాపలా కాస్తున్నాయి. ఆ కాపలాకు గండి కొట్టే ఏ డిమాండుకూ మనం జెండా పట్టకూడదు. వాళ్ల సాక్ష్యం అడిగే మనం వాళ్ల నమ్మకాన్ని పోగొట్టుకుంటే ఇక మిగిలేది ఏమీ లేదు.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమంది. దేశమంతా గగ్గోలు పుట్టాక 28న ఆ ఆదేశాన్ని ఆపి, తిరస్కరించేటప్పుడు పద్ధతి పాటించారా, చెప్పండి అని రాష్ట్రాలను అడిగింది. ఐటీ చట్టం 38వ సెక్షన్‌లో, సర్టిఫికెట్‌లో తప్పు దొరికిందని రద్దు చేయాలన్నా ముందు సొంతదారు మాట వినాలని ఉంది. అడవి హక్కుల రూల్స్‌లో కూడా 2012 నుంచి అట్లాగే ఉంది, కారణం రాతపూర్వకంగా చెప్పాలి, మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. మన గూడేల్లో, వాడల్లో తిరిగి అడగండి, ఎంతమందికి తిరస్కరణ కాగితం చేతికి వచ్చిందో. ఏ డప్పూ మోగలేదు. మనం చాటినన్నాళ్లు వాళ్ల రద్దులు మనకు కనీసం వినపడేవి.

చెల్లె అడిగిన దానికి వస్తాను. పాస్‌వర్డ్ మారిస్తే చాలదు, ఎందుకంటే ముద్ర వేసే తాళంచెవి ఆ ఫోనులోనే ఉంది. పాత ఫోనును మీ ఖాతా నుంచి వేరే ఫోను ద్వారా వెంటనే విడగొట్టండి. కొత్త ఫోనులో కొత్త తాళంచెవి పుట్టినప్పుడు సిగ్నల్ లాంటి యాప్‌లు ఎదుటివాళ్లకు "భద్రతా సంఖ్య మారింది" అని చూపిస్తాయి. మనం దాన్ని చూసీ చూడనట్టు దాటేస్తాం. దాటేయకండి, ఆ డప్పే మనకు మిగిలింది. ఆ సంఖ్యను మనిషిని ఎదురుగా కలిసి సరిచూసుకోండి. సిగ్నల్ లేని గూడెంలో ఉన్నవాళ్లకు రెండు వారాల దాకా ఏమీ తెలియదు. వాళ్లకు సంత రోజున మనిషి పోయి చెప్పాలి. ఎవరు ఎవరికి చెప్పాలో, ఎవరికి ఎవరి ముఖం తెలుసో, ఫోను పోకముందే అనుకుని పెట్టుకోండి. ఇదంతా విని చెల్లె మళ్లీ అడిగింది: "మరి చెప్పబోయే మనిషినే పట్టుకుంటే?" ఇద్దరికి చెప్పి పెట్టమన్నాను. "ఆ ఇద్దరూ ఒకే వాడ వాళ్లయితే?" అంది. ఒకరిని గూడెం నుంచి పెట్టుకోమన్నాను.

పోడు సర్వే, ధరణి కాగితాలు వచ్చే వారం.